బరువు ఆగవలసిన చోట ఆగాలంటే

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. మెటీరియల్‌ను తూచే హాపర్‌లో (తొట్టిలో) 200 కిలోలకు అమర్చిన బ్యాచ్ (ఒక విడత మోతాదు) ప్రతిసారీ 202 దగ్గర తేలుతోందనీ, అందుకని ఇండికేటర్‌లో (బరువు చూపిస్తూ గేటును నడిపే పెట్టెలో) టార్గెట్‌నే 198కి తగ్గించి సరిపెట్టుకున్నావనీ చదివాక వెంటనే జవాబు రాయకుండా ఉండలేకపోయాను. దయచేసి ఆ టార్గెట్‌ను మళ్లీ 200కి మార్చు. టాలరెన్స్‌ను (అనుమతించే తేడాను) లెక్కకట్టేది టార్గెట్ నుంచే కాబట్టి, నువ్వు 198 అని నమోదు చేసిన క్షణం నుంచి, సరిగ్గా 200 కిలోలు పడిన బ్యాచ్ కూడా దాని లెక్కలో 2 కిలోలు ఎక్కువైనదే అవుతుంది. ఎక్కువగా పడేదాన్ని సరిచేయడానికి ప్రీయాక్ట్ అని, టార్గెట్‌కు కొంత ముందే గేటును మూయించే అమరిక విడిగా ఒకటి ఉంది. అయితే నీ విషయంలో దాని జోలికి వెళ్లేముందు చూడవలసింది మరొకటి ఉంది.

కోర్స్ ఫీడ్ (మొదట వేగంగా పోసే దశ) 195 దగ్గర ఆగేలా పెట్టానని రాశావు. కోర్స్‌లో సెకనుకు 10 కిలోలు పడుతున్నాయని కూడా నువ్వే రాశావు. 195 అంకె రాగానే రిలే వదులుతుంది, సోలినాయిడ్ వాల్వ్ తిరుగుతుంది, సిలిండర్ కదులుతుంది, గేటు మూసుకుంటుంది; ఇదంతా అయ్యేలోపు మెటీరియల్ పడుతూనే ఉంటుంది. పైగా తెరమీద కనిపించే అంకె కూడా అప్పటిది కాదు, ఫిల్టర్ సగటు తీసి చూపించే కాస్త పాత అంకె. ఈ ఆలస్యాలన్నీ కలిసి అర సెకను అనుకున్నా 5 కిలోలు దాటిపోతాయి. అంటే కోర్స్ ఆగేసరికే హాపర్‌లో 200 కిలోలు ఉన్నాయి. ఫైన్ ఫీడ్‌కు (చివర నెమ్మదిగా పోసే దశకు) చేయడానికి పనే మిగలడం లేదు. కోర్స్‌ను 185 దగ్గర ఆపి చూడు. అది 190 వరకు వెళ్లి నిలిస్తే, మిగిలిన 10 కిలోలు ఫైన్‌లో సెకనుకు ఒక కిలో చొప్పున నెమ్మదిగా పడతాయి. బ్యాచ్‌కు సుమారు 10 సెకన్లు అదనంగా పట్టడం నిజమే కానీ, అంకెలు కుదురుకున్నాక ఆ దూరాన్ని కొంచెం కొంచెంగా తగ్గించుకోవచ్చు. ఒక్క మాట: కొన్ని ఇండికేటర్లలో కోర్స్ విలువను నేరుగా బరువుగా ఇవ్వాలి, కొన్నింటిలో టార్గెట్‌కు ఎంత ముందు ఆగాలో ఇవ్వాలి. నీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకున్నాకే మార్చు.

గేటు మూసుకునే సమయం ఒక్కోసారి సెకనులో పదో వంతు తేడా వస్తుందనుకో. కోర్స్‌లో ఆ తేడా ఒక కిలో, ఫైన్‌లో 100 గ్రాములు. ప్రీయాక్ట్ సగటున ఎక్కువయ్యే బరువును తీసివేయగలదు కానీ, బ్యాచ్‌కూ బ్యాచ్‌కూ మధ్య వచ్చే ఈ చెదురును తగ్గించలేదు. దాన్ని తగ్గించేది ఫైన్ ఫీడ్ ఒక్కటే కాబట్టే ముందు దాన్ని కుదర్చమంటున్నాను.

ఇక ప్రీయాక్ట్. గాలిలో ఉన్న మెటీరియల్ బరువెంతో కాగితం మీద లెక్కకట్టి పెడదామని నీకు తోచవచ్చు, నాకూ ఒకప్పుడు తోచింది. కానీ నిశ్చల స్థితి నుంచి స్వేచ్ఛగా పడే ధార కుప్పను తాకేటప్పుడు కలిగించే బలం, సరిగ్గా గాలిలో ఉన్న మెటీరియల్ బరువుకు సమానం. ఆ మేరకు లోడ్‌సెల్ (బరువును కొలిచే సెన్సర్) ఇంకా పడని దాన్ని కూడా ముందే చూపిస్తుంది. ఈ సంగతి అర్థమైన రోజు నాకు ఎంతో ఆనందం కలిగింది. అయితే చ్యూట్ (ఏటవాలు దారి) మీద జారుతూ వచ్చే మెటీరియల్‌కు ఈ సమానత్వం వర్తించదు. కాబట్టి విలువను హాపర్‌నే అడగాలి. ప్రీయాక్ట్‌ను సున్నా చేసి పది బ్యాచ్‌లు నడుపు. ప్రతిసారీ గేటు మూసుకున్నాక అంకె పూర్తిగా నిలకడకు వచ్చేదాకా ఆగి రాసుకో. ఎక్కువైన బరువుల సగటే నీ ప్రీయాక్ట్. దాన్ని ఇండికేటర్ తనంతట తానే నేర్చుకునే సౌకర్యం ఉంటే, ప్రతి తప్పులోనూ సగం మాత్రమే సరిదిద్దేలా పెట్టు. లేకపోతే ఒక్క గడ్డ పడిన బ్యాచ్ తరువాతి బ్యాచ్‌ను కూడా చెడగొడుతుంది.

ఫిల్టర్‌ను మాత్రం ప్రీయాక్ట్ కంటే ముందే ఖాయం చేయి. ఒకసారి పక్కనున్న మిక్సర్ కదలికకు అంకెలు ఊగుతున్నాయని నేను ఫిల్టర్‌ను పెంచాను. తెర చక్కగా నిలకడగా కనిపించింది కానీ, ఆ తరువాతి బ్యాచ్‌లన్నీ ఎక్కువయ్యాయి. గేటు అరిగిందేమోనని సగం రోజు సిలిండర్ విప్పి చూశాను. మారింది గేటు కాదు, ఇండికేటర్ చూపే ఆలస్యం.

రెండో మెటీరియల్ చేర్చబోతున్నావు కదా, దానికి టేర్ తీసి (అప్పటికే హాపర్‌లో ఉన్న బరువును సున్నాగా లెక్కించి) నెట్ బరువు మీద సెట్‌పాయింట్ (ఆగవలసిన బరువు) పెట్టు. గ్రాస్ (మొత్తం బరువు) మీద పెడితే మొదటిది 2 కిలోలు ఎక్కువైనప్పుడు రెండోది 2 కిలోలు తక్కువ పడుతుంది; మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది, మిశ్రమం మాత్రం చెడిపోతుంది. ఖాళీ చేసేటప్పుడు చూసే జీరో బ్యాండ్‌ను (హాపర్ ఖాళీ అని ఒప్పుకునే బరువు హద్దును) సున్నాగా ఉంచకు. గోడలకు 300 గ్రాములు అంటుకున్నా హాపర్ ఖాళీ అయిందని అది ఒప్పుకోదు. ఒక కిలో ఇచ్చి, దాని తరువాత రెండు మూడు సెకన్లు ఆగి గేటు మూసుకునేలా చూడు. ఎమర్జెన్సీ స్టాప్‌ను ఇండికేటర్ ఇన్‌పుట్‌కు మాత్రమే కలిపి వదిలేయకు. అది గేటుకు వెళ్లే కరెంటును నేరుగా తెంపాలి.

పది బ్యాచ్‌ల అంకెలు, కోర్స్ ఆగిన బరువుతో సహా, రాసి పంపించు. వాటిని చూశాక 185ను ఎంతవరకు ముందుకు జరపవచ్చో చెబుతాను.

నీ మిత్రుడు