తేడా లేదంటే చాలదు, నాలుగు అంకెలూ చెప్పండి

సంపాదకుడు గారికి,

పోయిన నెల పరకాల దగ్గర మా ఊళ్లో ఒక కంపెనీ వాళ్లు గడ్డిమందు గురించి మీటింగ్ పెట్టారు. "ఎలుకల మీద అన్ని మోతాదుల్లోనూ చూశాం, మందు పెట్టని ఎలుకలతో పోలిస్తే ఏ గుంపులోనూ లెక్కకు నిలిచే తేడా రాలేదు" అన్నాడు వచ్చినాయన. మా తమ్ముడు నా దిక్కు చూశాడు. ముప్పై ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి కదా.

క్యాన్సర్ పరీక్షల్లో మామూలుగా ఒక్కో గుంపులో 50 మగ, 50 ఆడ ఎలుకలుంటాయి. ఒక గుంపుకు మందు పెట్టరు. మిగతా మూడింటికి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ. రెండేళ్లయ్యాక చూసేది ఒకటే: గడ్డ ఉందా, లేదా. మాటవరసకు మగ ఎలుకల్లో ఈ నాలుగు గుంపుల్లో వరుసగా 1, 2, 4, 6 ఎలుకలకు గడ్డలు వచ్చాయనుకుందాం. ఒకటినీ ఆరునీ మాత్రమే పోలిస్తే, మందు ఏమీ చేయకున్నా మందు పెట్టిన గుంపు వైపు అంతో అంతకు మించో తేడా వచ్చే అవకాశం 5.6 శాతం. అది 5 శాతం లోపు ఉంటేనే తేడా ఉందనడం వాడుక, ఆ గీత దాటింది కాబట్టి 'తేడా లేదు'. అవే నాలుగు అంకెలను సమాన మెట్లుగా పేర్చి మోతాదు పెరిగేకొద్దీ గడ్డలూ పెరుగుతున్నాయా అని చూసే కాక్రన్-ఆర్మిటేజ్ పరీక్ష చేస్తే అది 1.5 శాతానికి దిగుతుంది. ఎలుకలు అవే, గడ్డలూ అవే! ఇదేమీ కొత్త లెక్క కాదు, 1954-55 నాటిది.

మెట్లు కనిపించగానే మందు క్యాన్సర్ తెస్తుందని నేననను. ఇరవై అవయవాలు వెతికితే ఎక్కడో ఒకచోట ఉత్తి పుణ్యానికే మెట్లు కనిపిస్తాయి. కానీ గ్లైఫోసేట్ అనే గడ్డిమందు మీద 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఒకటి చెప్తే, యూరప్ ఆహార భద్రతా సంస్థ ఇంకొకటి చెప్పింది. ఆ గొడవలో ఒక ముడి ఇదే, జతలుగా పోల్చాలా, వరుస చూడాలా అని.

డబ్బా మీది రంగు త్రికోణం దీనికి పనికిరాదు. లోపలికి పోతేనో ఒంటికి తగిలితేనో అప్పటికప్పుడు ఎంత ప్రమాదమో చెప్తుందంతే. ఎర్రది కాదు కదా అని మా తమ్ముడు మూతతోనే మందు కొలిచి ట్యాంకులో పోస్తాడు, వేళ్ల మీద కారింది లుంగీకి తుడుచుకుంటాడు.

కేంద్ర పురుగుమందుల రిజిస్ట్రేషన్ కమిటీ ప్రతి మందుకూ గుంపులవారీగా ఎన్ని ఎలుకలు, ఎన్నింటికి గడ్డలు అన్నది తెలుగులో అందరికీ అందుబాటులో పెట్టాలి. అర పేజీ చాలు. మీటింగ్ అయ్యాక ఆ అంకెలు అడిగితే కంపెనీ ఆయన నా చేతిలో రంగుల కరపత్రం పెట్టాడు. అందులో పచ్చటి పత్తిచేను ఫొటో ఉంది, ఎలుకల ఊసే లేదు.

ఒక రిటైర్డ్ లెక్చరర్,
హనుమకొండ