కాలు తీసే ముందు గింజ చూడండి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం రాగానే మీ ఆరోగ్యం పేజీలో పాదాల గురించి ఏటా ఏదో ఒకటి వేస్తారు. షుగరు పుండ్లు, పగుళ్లు, వేళ్ల సందులు నానడం. మదురా ఫుట్ అనే జబ్బు గురించి మాత్రం నేను ఒక్క ముక్క కూడా చదివిన గుర్తు లేదు. అనంతపురం జిల్లాలో కుష్ఠు విభాగంలో పారా మెడికల్ వర్కర్‌గా చేసి రిటైరైనవాణ్ణి. మచ్చల కోసం ఇల్లిల్లూ తిరిగిన ఉద్యోగం కాబట్టి జనం పాదాల వైపు చూడటం ఇప్పటికీ మానలేకపోతున్నాను.

మట్టిలో బతికే బాక్టీరియాలో కొన్ని, నోకార్డియా, ఆక్టినోమడూరా, స్ట్రెప్టోమైసిస్ లాంటివి, ముల్లు దిగిన చోట నుంచి ఒంట్లోకి పోతాయి. ముల్లు తీసేస్తాం, మరిచిపోతాం. నెలలు గడిచాక, ఒక్కోసారి ఏళ్లు గడిచాక, అక్కడ గట్టిగా చిన్న గడ్డ లేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. మెల్లగా పాదం ఉబ్బుతుంది, కన్నాలు పడతాయి, చీముతోపాటు గోధుమ రవ్వంత గింజలు రాలతాయి. ఆ గింజలు ఆ సూక్ష్మజీవుల ముద్దలే. ఇదే జబ్బు ఫంగస్ వల్ల కూడా వస్తుంది. పాదం చూడటానికి రెండిట్లోనూ ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం పూర్తిగా వేరు. బాక్టీరియా రకం యాంటీబయాటిక్‌లకు లొంగుతుంది, చాలామందికి కత్తి పెట్టకుండానే నయమవుతుంది. ఫంగస్ రకం మొండిది, దానికి వేరే మాత్రలు నెలల తరబడి వాడాలి, తరచు ఆపరేషన్ కూడా కావాలి. నల్ల గింజ పడితే ఫంగస్ అనుకోవచ్చు. తెల్లగింజ రెండిట్లోనూ పడుతుంది కాబట్టి కంటితో చూసి తేల్చడానికి లేదు. గింజ నలిపి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. నా గొడవంతా ఇక్కడే.

కళ్యాణదుర్గం పక్క ఊళ్లో గొర్రెలు కాసే అబ్బాయి ఒకడున్నాడు. కుడి పాదం ఉబ్బి, ఏళ్ల తరబడి అలాగే నడిచాడు. ముందే ఎందుకు చూపించుకోలేదురా అంటే "నొప్పే లేదు గదా సార్, ఏంటికి ఆసుపత్రికి పొయ్యేది" అన్నాడు. నొప్పి లేని జబ్బుకి ఒకరోజు కూలి వదులుకునే వాళ్లు మా వైపు తక్కువ. తీరా పోతే ఒకచోట ఎముక టీబీ అన్నారు, ఆ మాత్రలన్నీ మింగాడు. ఇంకోచోట గడ్డ కోసి కుట్లు వేశారు, మళ్లీ లేచింది. చివరికి ఒక పెద్ద ఆసుపత్రిలో ఎక్స్‌రే చూసి, ఎముక దెబ్బతింది, చీలమండ పైనుంచి తీసేయాలన్నారు. వాళ్ల నాయన గొర్రెల్ని బేరానికి పెట్టాడు. ఈలోగా ఊళ్లో కొందరు అది కుష్ఠు అనుకుని వాడికి చెంబు వేరు చేశారు. కబురు నా దాకా వచ్చింది అందుకే. పాదంలో స్పర్శ బాగానే ఉంది, నరాలు ఉబ్బలేదు, ఒంటిమీద మచ్చ లేదు. కుష్ఠు కాదని ఊరివాళ్లకి అక్కడే చెప్పాను. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదని కూడా చెప్పాను. చెంబు సంగతి అంత తొందరగా తేలలేదనుకోండి.

అన్నాళ్లూ వాడికి రోజు తప్పకుండా డ్రెస్సింగ్ జరిగింది. కట్టు విప్పడం, అయోడిన్‌తో కడగడం, ఆయింట్‌మెంట్ రాయడం, పాత గాజుగుడ్డ చెత్తబుట్టలో వేయడం. గింజలు పోయింది ఆ గుడ్డతోనే! పుండు శుభ్రం చేసినవాళ్లలో ఒక్కరూ దానికేం అంటుకుందో చూడలేదు. మేం ఏ మందూ రాయకుండా సెలైన్‌తో కడిగి కొత్త గాజుగుడ్డ కట్టి, మర్నాడు పొద్దున్నే దాన్ని విప్పి శుభ్రమైన డబ్బాలో పెట్టుకుని మైక్రోబయాలజీ ల్యాబ్‌కి పోయాం. గింజని రెండు స్లైడుల మధ్య నలిపి చూస్తే సన్నటి పోగులు, కొమ్మలు కొమ్మలుగా. ఫంగస్ పోగులైతే అంతకు ఎన్నో రెట్లు లావుంటాయి. తర్వాత మేం కుష్ఠు స్మియర్‌కి, అంటే చర్మం గీరి స్లైడు మీద చేసే పరీక్షకి, వాడే ఎర్ర రంగే వేసి, యాసిడ్ మాత్రం బాగా పలచన చేసి కడిగారు. ఎరుపు నిలిచింది, నోకార్డియా అన్నారు. నా ఉద్యోగమంతా ఆ రంగుసీసాలతోనే గడిచింది కాబట్టి ఒకసారి చూస్తానమ్మా అంటే, ల్యాబ్‌లో అమ్మాయి నవ్వి కుర్చీ ఇచ్చింది.

వైద్యం అమికాసిన్ సూదులు, కోట్రైమాక్సజోల్ మాత్రలు. ఆ మాత్రలు చవకవే, ఎప్పటినుంచో వాడుకలో ఉన్నవే. ఈ జోడీని మెక్సికోలో డాక్టర్ ఒలివేరియో వెల్ష్ వాడి చూపించారు. ఢిల్లీ ఎయిమ్స్ చర్మవ్యాధుల డాక్టర్లు మొదట కొన్ని వారాలు సూదులు, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు ఇచ్చే పద్ధతి ఒకటి తయారుచేశారు. అమికాసిన్ చెవుల్నీ కిడ్నీల్నీ దెబ్బతీయొచ్చు. మధ్యమధ్యలో రక్తపరీక్ష, వినికిడి పరీక్ష తప్పవు, ఊళ్లో ఆర్‌ఎంపీ చేత పొడిపించుకునే సూది కాదది. కన్నాలు మూసుకుపోగానే మాత్రలు మానేయడం ఇంకో తంటా. వాడూ మానబోయాడు, వాళ్లమ్మ పట్టుబట్టి మింగించింది. పాదం ఇప్పటికీ రెండోదానికంటే లావే. ఆ పాదంతోనే గొర్రెల వెంట పోతున్నాడు.

1842లో మదురైలో జాన్ గిల్ అనే డాక్టరు రాసిపెట్టిన జబ్బు ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో దీన్ని చేర్చింది 2016లో. దీనికోసమే పనిచేసిన సూడాన్‌లోని ఖర్తూమ్ పరిశోధన కేంద్రం అక్కడి యుద్ధంలో ధ్వంసమైంది. మనకు అలాంటి ఆపదేమీ రాలేదు. ప్రతి మెడికల్ కాలేజీలోనూ మైక్రోబయాలజీ విభాగం ఉంది.

చెప్పులేసుకోండి అనే సలహా ఎలాగూ ఇస్తారు. మంచిదే. కానీ మా కాపర్లు టైరు చెప్పులే వేసుకుంటారు, సర్కారు తుమ్మ ముల్లు పక్కనుంచైనా దిగుతుంది. మెక్సికోలో కట్టెలు మోసేవాళ్లకి ఇది వీపుమీద వస్తుందట. అందుకే చెప్పులతోపాటు ఇంకో రెండు పనులు జరగాలంటున్నాను. కుష్ఠు సర్వేకి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మచ్చలు చూస్తారు కదా, ఆ కాగితంలోనే నొప్పి లేని గడ్డ, చీము కారే కన్నాలు ఉన్నాయా అని ఒక గడి పెట్టాలి. రెండోది, ఇలాంటి పాదం తీసేయాలని రాసే ముందు కేసు షీటులో గింజ పరీక్ష రిపోర్టు ఉండాలని ఆరోగ్యశాఖ సర్క్యులర్ ఇవ్వాలి. సర్క్యులర్లు ఎవరు చదువుతారంటారా? బిల్లు ఆగుతుందంటే చదువుతారు. కాలు తీయక తప్పని కేసులూ ఉంటాయి, కాదనను. ఏ రకమో చూశాకే ఆ మాట చెప్పమంటున్నాను.

ఇది చదివేవాళ్ల ఇంట్లో అలాంటి పాదం ఉంటే, ల్యాబ్‌కి పోయే ముందురోజు ఆయింట్‌మెంట్ రాయకుండా ఉండొచ్చా అని డాక్టరుని అడగండి, విప్పిన గాజుగుడ్డ పారేయకుండా వెంట తీసుకెళ్లండి. మొదటిసారి గింజ దొరక్కపోతే లోపలినుంచి ముక్క తీసి పరీక్షకి పంపమనండి.

ఇట్లు,
విశ్రాంత పారా మెడికల్ వర్కర్,
కళ్యాణదుర్గం