ఆఫర్ లెటర్‌లో నాలుగేళ్ల ఖర్చు కూడా రాయించాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మార్చి, ఏప్రిల్ నెలలు వచ్చాయంటే మీ అమెరికా తెలుగు పేజీలో పన్నెండో తరగతి పిల్లల ఫొటోలు కనిపిస్తాయి. ఫలానా అబ్బాయికి ఎనిమిది యూనివర్సిటీల నుంచి మొత్తం 6 లక్షల డాలర్ల స్కాలర్‌షిప్పులు, ఫలానా అమ్మాయికి 8 లక్షలు అని శీర్షికలు పెడతారు. పిల్లల కష్టాన్ని పదిమందికీ చెప్పడం మంచిదే. ఆ లెక్క మాత్రం సరైంది కాదు. ఎనిమిది కాలేజీలు ఇస్తామన్న సొమ్మంతా కూడితే వచ్చే అంకె ఎవరి చేతికీ రాదు. పిల్లలు చేరేది ఒక్క కాలేజీలో. అక్కడ స్కాలర్‌షిప్ పోను ఇంటివాళ్లు ఏటా ఎంత కట్టాలో ఆ వార్తలో ఉండదు. సీటు, ఆర్థిక సాయం వివరాలతో కాలేజీ పంపే ఆఫర్ లెటర్‌లో కూడా చాలాసార్లు ఉండదు. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఇది నా ఒక్కదాని అనుమానం కాదు. అమెరికా చట్టసభ కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జీఏవో 2022 డిసెంబర్‌లో ఒక నివేదిక ఇచ్చింది. కాలేజీల ఆర్థిక సాయం ఆఫర్లను పరిశీలిస్తే దాదాపు 91 శాతం కాలేజీలు నెట్ ప్రైస్ రాయడమే లేదు, లేదా ఉన్నదానికంటే తక్కువ చేసి చూపిస్తున్నాయి అని అందులో తేల్చింది. నెట్ ప్రైస్ అంటే గ్రాంట్లు, స్కాలర్‌షిప్పులు తీసేశాక చదువుకీ, ఉండటానికీ, తిండికీ, పుస్తకాలకీ కుటుంబం పెట్టుకోవాల్సిన అసలు ఖర్చు. అందరూ ఒకే పద్ధతిలో ఆఫర్ రాసేలా చట్టం చేయమని అప్పుడే సిఫారసు కూడా చేసింది. ‘అండర్‌స్టాండింగ్ ద ట్రూ కాస్ట్ ఆఫ్ కాలేజ్ యాక్ట్’ పేరుతో సెనేటర్ చక్ గ్రాస్లీ, మరికొందరు బిల్లును పలుమార్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. విద్యాశాఖ తయారుచేసిన నమూనా ఫారం ఉంది కానీ, వాడుకోవడం మానడం కాలేజీల ఇష్టం.

ప్రభుత్వ యూనివర్సిటీలు బయటి రాష్ట్రం పిల్లల దగ్గర స్థానికులకంటే ఎక్కువ ఫీజు తీసుకుంటాయి. అలా బయటి రాష్ట్రం నుంచి వచ్చే ఒక మామూలు ఆఫర్ లెటర్ ఎలా ఉంటుందో చూడండి. పైన పెద్ద అక్షరాల్లో అభినందనలు, దాని కింద ‘1,00,000 డాలర్ల మెరిట్ స్కాలర్‌షిప్’. ఇంట్లో అందరికీ కళ్లు చెమరుస్తాయి. కాస్త కిందికి వస్తే అది నాలుగేళ్లకి కలిపి, అంటే ఏడాదికి 25,000 అని ఉంటుంది. ఆ వరుసలోనే ఫెడరల్ లోన్ 5,500 అని ఉంటుంది. వర్క్ స్టడీ కింద ఇంకో రెండు మూడు వేలు ఉంటాయి. లోన్ మనం వడ్డీతో తీర్చాల్సిన అప్పు. వర్క్ స్టడీ అంటే పిల్లలు పనిచేస్తే వచ్చే జీతం. వీటన్నిటినీ ఒకే కాలమ్‌లో కూడి ‘మీకు అందే సాయం’ అని రాస్తారు. ఇక ట్యూషన్, అంటే చదువు ఫీజు, ఎంతో ఇంకో వెబ్‌పేజీలో, హాస్టల్ గది, మెస్ ఖర్చులు మరో వెబ్‌పేజీలో వెతుక్కోవాలి.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. బయటి రాష్ట్రం వాళ్లకి ట్యూషన్ 42,000, గది, భోజనం 16,000, మొత్తం 58,000 డాలర్లు అనుకోండి. 25,000 స్కాలర్‌షిప్ పోతే మొదటి ఏడాది కట్టాల్సింది 33,000. సొంత రాష్ట్రంలో మంచి యూనివర్సిటీకి కూడా దాదాపు అంతే అవుతుంది కదా అని సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ కట్టేస్తారు. ఫీజు ఏటా 4 శాతం పెరిగితే నాలుగో ఏడు ఆ 58,000 కాస్తా 65,000 దాటుతుంది. స్కాలర్‌షిప్ మాత్రం 25,000 దగ్గరే ఆగిపోతుంది. నాలుగేళ్లకీ కలిపి అనుకున్నదానికంటే 14 వేలు పైన పడుతుంది. సొంత రాష్ట్రంలోనూ ఫీజు పెరుగుతుంది కానీ, తక్కువ ట్యూషన్ మీద 4 శాతానికీ, 42,000 మీద 4 శాతానికీ తేడా ఉంది. పుస్తకాలు, హెల్త్ ఇన్సూరెన్స్, సెలవులకి విమాన టికెట్లు ఈ లెక్కలో లేవు. గదికీ భోజనానికీ వాడిన స్కాలర్‌షిప్ సొమ్ము ఆదాయపన్ను లెక్కలోకి వస్తుందన్న సంగతి కూడా చాలామంది తల్లిదండ్రులకి తెలియదు.

అన్నిటికంటే ముఖ్యమైంది రెన్యువల్ షరతు. దీని గురించి మన ఇళ్లల్లో అసలు మాట్లాడుకోవడం లేదు. పెళ్లిళ్లలో, పూజల్లో కలిస్తే ‘వదినా, మీవాడికి ఎంతొచ్చింది?’ అంటారే గానీ, అది నిలవాలంటే జీపీఏ, అంటే నాలుగుకి లెక్కవేసే గ్రేడుల సగటు, ఎంత ఉండాలని అడిగినవాళ్లని నేను చూడలేదు. కొన్ని చోట్ల 3.0 చాలు. కొన్ని చోట్ల 3.3, ఇంకొన్ని చోట్ల 3.5 కావాలి. హైస్కూల్లో ఎప్పుడూ ‘ఏ’ గ్రేడులే తెచ్చుకున్న పిల్లలకి అదేమంత పెద్ద విషయంగా కనిపించదు. ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్‌లో క్యాలిక్యులస్, కెమిస్ట్రీ, ప్రోగ్రామింగ్ ఒకేసారి మీద పడతాయి. ఇల్లు వదిలి కొత్త ఊరు. షరతు 3.3 అయితే, మొదటి సెమిస్టర్‌లో 2.9 వచ్చిన పిల్ల ఏడాది చివరికి గట్టెక్కాలంటే అన్నే క్రెడిట్లతో రెండో సెమిస్టర్‌లో 3.7 తెచ్చుకోవాలి. అది జరగకపోతే మిగిలిన మూడేళ్లకి రావాల్సిన 75,000 పోతుంది. పద్దెనిమిదేళ్ల పిల్ల మీద ఆ టెన్షన్ ఎంత ఉంటుందో ఆలోచించండి. మార్కులు తగ్గాయని ఇంట్లో చెప్పలేక, మేజర్ (ప్రధాన సబ్జెక్టు) మార్చుకోవాలని ఉన్నా నోరు తెరవలేక నలిగిపోయే పిల్లలు మన చుట్టుపక్కలే ఉన్నారు. ఒక సెమిస్టర్ గడువిచ్చి చూసే కాలేజీలున్నాయి, పోయిన స్కాలర్‌షిప్‌ని జీపీఏ పెరిగాక తిరిగి ఇచ్చేవీ ఉన్నాయి. ఏది ఏ రకమో డిపాజిట్ కట్టకముందే తెలియాలి. నిరుడు చేరినవాళ్లలో ఎంతమందికి రెండో ఏడాది స్కాలర్‌షిప్ నిలిచింది అన్న అంకె కాలేజీల దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని లెటర్‌లో వేయడానికి అభ్యంతరం ఏముండాలి?

హెచ్1బీ వీసాపై ఉద్యోగం చేసేవాళ్ల పిల్లలకి ఇరవై ఒక్క ఏళ్లు నిండేదాకా ఉండే వీసా హెచ్4. ఆ పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు క్యూలో ఉన్న మన కుటుంబాల్లో ఇలాంటి పిల్లలు చాలామంది. వీళ్లకి ఫెడరల్ సాయం రాదు. ఉద్యోగం చేసే అనుమతి లేదు కాబట్టి క్యాంపస్‌లో చిన్న పని చేసుకునే వీలు కూడా లేదు. జార్జియాలో లాటరీ డబ్బుతో ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్‌కి, అక్కడే స్కూలు చదువంతా చదివినా హెచ్4 పిల్లలు అర్హులు కారు. వీళ్లలో చాలామందికి మిగిలేది కాలేజీ సొంతంగా ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్పే. అదైనా పూర్తిగా నమ్ముకోవచ్చా అంటే, చదువు మధ్యలోనే ఇరవై ఒకటి నిండుతుంది, హెచ్4 పోతుంది, విద్యార్థి వీసా ఎఫ్1కి మారాల్సి వస్తుంది. అప్పుడు పిల్లని బయటి రాష్ట్రం విద్యార్థిగా చూస్తారా, విదేశీ విద్యార్థిగా చూస్తారా? ఆ స్కాలర్‌షిప్ కొనసాగుతుందా? కాలేజీని బట్టి జవాబు మారుతుంది. ఫోన్‌లో ఎవరో ‘ఏం పర్లేదు’ అన్న మాట మీద ఆధారపడకండి, ఈమెయిల్‌లో రాయించుకోండి అని ఈ పిల్లల తల్లిదండ్రులకి నా మనవి.

బయటి రాష్ట్రం వద్దని నేను అనడం లేదు. మా న్యూజెర్సీ నుంచి ఎంతోమంది పిల్లలు అలా వెళ్లి బాగా చదువుకుంటున్నారు. సూటిగా లెక్క చెప్పే పద్ధతులూ ఈ దేశంలో ఉన్నాయి. పశ్చిమ రాష్ట్రాల మధ్య డబ్ల్యూయూఈ అనే ఒప్పందం 1980ల నుంచి నడుస్తోంది. అందులో చేరిన యూనివర్సిటీలు ఆ ఒప్పందం కింద చేర్చుకున్న పక్క రాష్ట్రం పిల్లల దగ్గర స్థానిక ట్యూషన్‌కి ఒకటిన్నర రెట్లు మించి తీసుకోవు. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీలో గెలుచుకున్న స్కాలర్‌షిప్ కనీసం వెయ్యి డాలర్లుంటే, బయటివాళ్లకి కూడా ఇన్‌స్టేట్ (స్థానికుల) ట్యూషన్ వర్తింపజేసే వీలు చట్టంలోనే ఉంది. పైకి చిన్నగా కనిపించే ఆ వెయ్యి డాలర్లు ఒక్కోసారి వేరేచోట ఇచ్చే 25,000 కంటే ఎక్కువ మేలు చేస్తాయి. యూనివర్సిటీ ఆఫ్ అలబామా లాంటివి ఏ జీపీఏకి, ఏ టెస్ట్ స్కోరుకి ఎంత ఇస్తాయో పట్టిక వేసి ముందే చెబుతూ వచ్చాయి. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ కాలేజీల్లో మెరిట్ స్కాలర్‌షిప్పులే లేవు, అంతా ఆదాయాన్ని బట్టే. ఆ సంగతి దాచకుండా చెబుతాయి. ముందే చెప్పడం సాధ్యమేనని వీటిని చూస్తే తెలుస్తోంది కదా.

ఇంకో విషయం. మన తెలుగు సంఘాలు, పిల్లల తల్లిదండ్రులు పనిచేసే కంపెనీలు ఇచ్చే చిన్న స్కాలర్‌షిప్పులు వచ్చినప్పుడు, కొన్ని కాలేజీలు అంతమేర తమ సాయాన్ని తగ్గించేస్తాయి. పిల్లకి ఇచ్చిన వెయ్యి డాలర్లు కాలేజీకి మిగులుతాయన్నమాట. మేరీలాండ్ రాష్ట్రం 2017లోనే తమ ప్రభుత్వ కాలేజీల్లో దీనికి అడ్డుకట్ట వేస్తూ చట్టం తెచ్చింది. స్కాలర్‌షిప్ ఇచ్చే సంఘాలు చెక్కు రాసేముందు ఆ సంగతి కనుక్కుంటే బాగుంటుంది.

తొందర కూడా ఒక సమస్యే. చాలా కాలేజీలకి మే 1 లోగా డిపాజిట్ కట్టాలి. మార్చి చివరలో వచ్చే ఆఫర్లకి మిగిలేది ఒక నెల. ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే ఆ నెల కూడా ఉండదు, అక్కడే చేరతామని ముందే సంతకం పెట్టి ఉంటారు కాబట్టి వేరే ఆఫర్‌తో పోల్చుకునే అవకాశం పోతుంది. స్కాలర్‌షిప్ మీద ఆధారపడే కుటుంబాలు ఆ సంతకానికి ముందు బాగా ఆలోచించాలి. డబ్బు తక్కువ పడితే లోన్ తీసుకుందాంలే అనే ధీమా కూడా ఇకమీద పనికిరాదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోన్‌కి, 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకి పిల్లకి ఏటా 20,000, మొత్తం మీద 65,000 డాలర్ల పరిమితి వచ్చింది.

అందుకని నేను కోరేది ఇది. నాలుగేళ్లకీ అంచనాగా ఎంత కట్టాలి, స్కాలర్‌షిప్ నిలవడానికి షరతేమిటి, గత ఏడాది ఎంతమందికి నిలిచింది, ఇందులో అప్పు ఎంత అన్న నాలుగు సంగతులూ ఆఫర్ లెటర్ మొదటి పేజీలోనే ఉండాలని చట్టం రావాలి. పైన చెప్పిన గ్రాస్లీ బిల్లు ముందుకు కదలాలంటే ఓటు హక్కున్న మనవాళ్లు తమ సెనేటర్లకీ, ప్రతినిధుల సభ సభ్యులకీ రాయాలి. పన్నెండో తరగతి పిల్లల్లో పద్దెనిమిది నిండిన పౌరులుంటే వాళ్లు స్వయంగా రాస్తే ఇంకా మంచిది.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఇకమీద పిల్లల ఫొటో వేసేటప్పుడు ఎనిమిది కాలేజీల సొమ్ము కూడి శీర్షిక పెట్టకండి. చేరుతున్న కాలేజీ పేరు, చదవబోయే కోర్సు వేయండి. కుటుంబం ఒప్పుకుంటే స్కాలర్‌షిప్ పోను ఏటా కట్టేదెంతో కూడా రాయండి. డిసెంబర్ నుంచి ఆఫర్లు రావడం మొదలవుతుంది. ఆలోపే కాలేజీల్ని అడగాల్సిన ప్రశ్నలతో ఒక పేజీ వేయండి. కౌన్సెలర్‌కి వేల డాలర్లు ఇచ్చుకోలేని తల్లిదండ్రులు దాన్ని కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు,
ఒక తల్లి,
న్యూజెర్సీ