మీ బాకీ మా క్యాంపస్ మోస్తోంది: సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా స్కాలర్‌షిప్ బకాయిల కోసం మేమిచ్చిన వినతిపత్రాలు మీ పేషీలో ఎక్కడో ఒకచోట ఉండే ఉంటాయి. వాటి మీద పడిన రిసీవ్డ్ ముద్రలు మా దగ్గర జిరాక్స్ కాపీల్లో భద్రంగా ఉన్నాయి. అందుకని ఈసారి వినతి పక్కనపెట్టి కృతజ్ఞతలు రాస్తున్నాను. మీకు కాదు లెండి, ఏమనుకోకండి.

ఎంటీఎఫ్, అంటే హాస్టల్ మెస్ ఖర్చులకు ప్రభుత్వమిచ్చే స్కాలర్‌షిప్, పడుతుందన్న నమ్మకంతోనే మేం పీజీలో యూనివర్సిటీ హాస్టల్‌లో చేరాం. స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లై చేశాం, మీసేవలో వేలిముద్ర వేశాం, హార్డ్ కాపీలు ఆఫీసులో ఇచ్చాం. స్టేటస్ చూస్తే శాంక్షన్ అయిందని వస్తుంది. బిల్లు ట్రెజరీకి వెళ్లిందంటారు, టోకెన్ కూడా పడిందంటారు. మరి డబ్బులెప్పుడు పడతాయని అడిగితే మీ శాఖలో ప్రతి ఒక్కరూ పైకి చూపిస్తారు. ఆ పైన ఆర్థిక శాఖ ఉందో ఆకాశమే ఉందో మాకైతే అర్థం కాలేదు.

ఈలోగా కోర్సు అయిపోయింది. మెస్ బకాయి కట్టందే నో డ్యూస్ ఇవ్వరు, నో డ్యూస్ లేనిదే టీసీ, ప్రొవిజనల్ చేతికి రావు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపొద్దని యూజీసీ 2018లోనే చెప్పింది కదా సార్ అని యూనివర్సిటీ ఆఫీసులో అడిగాం. "అది మీరు అడ్మిషన్‌లో ఇచ్చిన వాటి గురించమ్మా. ఇవి ఇంకా ఇష్యూనే కాలేదు, ఆపడమెక్కడుంది?" అన్నారు. వాళ్లనీ తప్పుపట్టలేం. మెస్‌కి సరుకులు పోసేవాళ్లు వాళ్ల గుమ్మం ముందే కూర్చుంటున్నారు.

నా రూమ్మేట్‌కి ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కి డేట్ ఇచ్చారు. వాళ్ల నాన్న కూలి పని చేస్తాడు, రెండేళ్ల మెస్ బకాయి ఒక్కసారిగా తెమ్మంటే ఎక్కడి నుంచి తెస్తాడు? టెన్షన్‌తో ఆ పిల్ల తిండి మానేసింది. అప్పుడు మా రీసెర్చ్ స్కాలర్ అక్క ఒకావిడ పాత రికార్డు బుక్ తీసుకుని గదిగదికీ తిరిగింది. ఆ పేజీ నా కళ్ల ముందే నిండింది. ఒక్కో పేరు, ఎదురుగా ఇచ్చిన డబ్బు, పక్కన "ఉద్యోగం వచ్చాక", "తొందర లేదు", "అక్కర్లేదు". ఫెలోషిప్ ఎప్పుడొస్తుందో తమకే తెలియని స్కాలర్లు ఇచ్చారు. జీతం ఆగిన కాంట్రాక్టు మెస్ వర్కరు, మేం అత్తమ్మా అని పిలుస్తాం, చీర కొంగు ముడి విప్పి రెండొందలు ఇచ్చి, పేరు రాయొద్దంది. అప్పటికీ పూర్తిగా సరిపోలేదు. మిగతా మొత్తానికి మా డిపార్ట్‌మెంట్ మాస్టారు తెల్లకాగితం తీసుకుని, స్కాలర్‌షిప్ రాకపోతే నా జీతంలో పట్టుకోండి అని సంతకం పెట్టారు. ఒక్కసారి ఆలోచించండి సార్. రాష్ట్ర ప్రభుత్వం కట్టాల్సిన బాకీకి ఒక మాస్టారు పూచీకత్తు!

వీళ్లందరికీ నా దండాలు. పుస్తకాలు కొనలేని వాళ్ల కోసం రీడింగ్ రూమ్‌ని టైమ్ దాటాక కూడా తెరిచి ఉంచే లైబ్రరీ అన్నలకు కూడా.

మొన్న మా క్యాంపస్‌కి వచ్చినప్పుడు విద్యార్థులకు అండగా ఉంటామన్నారు మీరు. అడిగేవాళ్లను పొద్దున్నే స్టేషన్‌కి తరలించారు కాబట్టి చప్పట్లు బాగానే పడ్డాయి. అండగా ఉన్నవాళ్లెవరో మాకు బాగా తెలుసు, వాళ్లకి వేదిక మీద కుర్చీ వేయలేదు.

నా భయమల్లా ఒకటే. ఎలాగోలా సర్దుకుంటున్నారులే అని మీరు నిశ్చింతగా ఉండిపోతారేమో. నా రూమ్మేట్ గట్టెక్కింది. మా బ్లాక్‌లోనే సర్టిఫికెట్లు రాక బీఈడీ సీటు పోగొట్టుకున్న అమ్మాయి ఉంది, ఇంటికి వెళ్లలేక ఇక్కడే ఉంటోంది. ప్రతి ఒక్కరికీ ఆ అక్క బుక్ పట్టుకుని తిరగలేదు. ఆ మాస్టారికీ ఉన్నది ఒక్క జీతమే.

దయచేసి బకాయిలు విడుదల చేయండి. పూర్తిగా కాకపోతే కోర్సు అయిపోయినవాళ్లవైనా ముందు ఇవ్వండి. అదీ ఇప్పట్లో కుదరదంటే, ప్రభుత్వ బాకీకి పిల్లల సర్టిఫికెట్లతో ముడిపెట్టొద్దని ఒక జీవో ఇవ్వండి, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. డబ్బు పడే తేదీ చెప్పండి. "త్వరలో" అని మాత్రం అనకండి సార్, మీకు పుణ్యముంటుంది.

ఇట్లు,
నో డ్యూస్ కోసం ఎదురుచూస్తున్న ఒక పీజీ విద్యార్థిని