జేజిని అడిగి చెప్పు నాయనా

లెస్టర్,
ఆదివారం

నాయనకు నమస్కారం.

ఇక్కడ మేమంతా బాగున్నాం. ఫోన్‌లో చెబితే సగం మాటలు ఎటో పోతాయి, కాగితం మీద ఉంటే జేజి పక్కన కూర్చుని చదివి వినిపిస్తావని రాస్తున్నా.

మా పక్కింటి పెద్దామెకు వాళ్ల ముత్తాత చెప్పుల అంగడి ఏ వీధిలో ఉండేదో తెలీదు. ఇంగ్లండు, వేల్స్ ఊళ్ల పాత డైరెక్టరీలను (ఊళ్లో ఎవరు ఏ వీధిలో ఏం చేసేవాళ్లో అచ్చేసిన పుస్తకాలు), 1760ల నుంచి 1910ల దాకా వచ్చినవాటిని, ఇక్కడి యూనివర్సిటీ వాళ్లు స్కాన్ చేసి ఉచితంగా నెట్‌లో పెట్టినారు. ఊరు, ఏడాది ఎంచుకుని పేరు కొట్టినాం. వీధి పేరు, ఇంటి నంబరుతో సహా దొరికినాడు! ఆమె కళ్లలో నీళ్లు తిరిగినాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నందలూరు లోకో షెడ్డులో పనిచేసిన మీ అబ్బే, మీ తాతే, గుర్తొస్తా ఉన్నాడు.

మన వైపుకూ అట్లాంటివి ఉన్నాయి. మద్రాసులో అసైలం ప్రెస్ ఏటేటా వేసిన అల్మనాక్, కలకత్తా నుంచి వచ్చిన థాకర్స్ డైరెక్టరీ. కొన్ని సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో చదవొచ్చు. కడప అని ఇప్పటి స్పెల్లింగ్ కొడితే ఏమీ రాదు. 2005 దాకా సి అక్షరంతో Cuddapah అని రాసేవాళ్లే, అదే కొట్టాలి. పాత అచ్చును కంప్యూటరు తప్పుగా చదువుతుంది కాబట్టి చివరికి పేజీ పేజీ తిప్పుకోవాల్సిందే.

నాలుగు రాత్రులు తిప్పినా. మీ అబ్బ పేరు లేదు. కలెక్టరు, జడ్జి, పాదిరీలు, రైల్వే ఆఫీసర్లు, అంతే. ఇంజన్లకు బొగ్గు వేసినవాళ్ల కోసం అచ్చేసిన పుస్తకం కాదది. ఇక్కడి డైరెక్టరీల్లోనూ కూలీల పేర్లు తక్కువే, అంగడో హోదానో ఉన్నవాళ్లవే ఎక్కువ. తెలిసినా మనసు చివుక్కుమంది.

అయితే దొరను పట్టుకుంటే మనవాళ్ల కాలం తేలుతుంది. తన మామకు, అంటే మీ అబ్బకు, మెగిరి దొర పని ఇప్పించినాడని, ఆయన బదిలీ అయిన ఏడే ఇల్లు కట్టినారని జేజి చెప్పేది కదా. ఆ పేరు ఏ సంవత్సరం పుస్తకంలో మొదలై ఎప్పుడు మాయమైందో చూస్తే చాలు. అట్ట మీద ఉన్న ఏడాదికి ముందు ఏడాది వివరాలే లోపల ఎక్కువగా ఉంటాయి, అదొక్కటి లెక్కలో పెట్టుకోవాలి. మెక్ అని మొదలయ్యే పేర్లు కొన్ని రాసి పెట్టుకున్నా. వాటిలో మెగిరి ఎవరో జేజి నోటి నుంచే తెలియాలి.

మధ్యాహ్నం కునుకు తీసి లేచినాక అడుగు, అప్పుడు హుషారుగా మాట్లాడుతుంది. ఆ పేరు నిదానంగా రెండు మూడుసార్లు పలికించి ఫోన్‌లో రికార్డు చెయ్. నందలూరు రాకముందు మనది ఏ ఊరో, ఇంటిపేరు ముందు నుంచీ ఇదేనో కూడా అడుగు. అటక మీది ట్రంకు పెట్టెలో ఇంటి పత్రం ఉంది. మడతల దగ్గర చినుగుతుంది, జాగ్రత్తగా విప్పి ఫొటో తియ్. వెనకవైపూ తియ్ నాయనా, స్టాంపు కాగితం అమ్మినవాడు వేసిన తేదీ అక్కడే ఉంటుంది.

జేజికి 88 నిండబోతున్నాయి. వచ్చే సంక్రాంతికి నేను వచ్చినప్పుడు చూద్దాంలే అనుకోవద్దు, ఈ వారమే కూర్చో. పెట్టె తాళంచెవి అమ్మ దగ్గర ఉంది.

నీ పెద్దబిడ్డ