కవలల ఊళ్ల ఫొటోలతో పాటు ఇది కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

నైజీరియాలో ఇగ్బో ఓరా, కేరళలో కొడిన్హి... వీటిని ‘కవలల ఊళ్లు’ అంటూ పత్రికలు అప్పుడప్పుడూ ఫొటోలు వేస్తుంటాయి. ముచ్చటేస్తుంది, కాదనను. కానీ అదే నైజీరియాలో యోరుబా తెగ తల్లులు కవలల్లో ఒకరు పోతే చెక్కతో చిన్న బొమ్మ చేయించుకుని దానికి స్నానం చేయించేవాళ్లు, బట్టలు కట్టి తిండి పెట్టేవాళ్లు. ఆ బొమ్మలు ఇప్పటికీ పెద్ద పెద్ద మ్యూజియాల్లో ఉన్నాయి.

కవలల చావులు పాతకాలంతో పోలేదు. 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాల్లో 2009-14 మధ్య ఐదేళ్లు నిండకుండానే చనిపోయినవాళ్లు, ఒక్కరుగా పుట్టినవాళ్లలో వెయ్యికి సుమారు 64 మంది అయితే కవలల్లో 213 మంది. ఐదుగురిలో ఒకరు! 1995-2001లో కవలల్లో ఇది సుమారు 328, కాబట్టి తగ్గింది, కానీ మిగతా పిల్లల్లో తగ్గినంతగా తగ్గలేదు.

నేను కాన్పుల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను. నెలలు నిండకుండా, కిలోన్నర బరువుతో పుట్టిన ఇద్దరిని సాకడమంటే ఏమిటో దగ్గరుండి చూశాను. రెండు గంటలకోసారి పాలు పట్టాలి, చీకే శక్తి లేకపోతే తల్లిపాలు పిండి ఉగ్గుగిన్నెతో పోయాలి, ఒకరికి పట్టి తేన్పించి పడుకోబెట్టేసరికి రెండోవాళ్ల వేళ దాటిపోతుంది, పైగా ఆ తల్లికి కుట్ల నొప్పి. రెండో బిడ్డ ఏడవకుండా పడుకుంటే ఇంట్లోవాళ్లు ‘బుద్ధిమంతుడు’ అని మురిసిపోతారు, ఏడవడానికి కూడా ఓపిక లేదని ఎవరికీ తట్టదు.

బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా గుండెకు కట్టుకునే కంగారూ కేర్‌కి పైసా ఖర్చు లేదు. పుట్టిన వెంటనే మొదలుపెడితే తక్కువ బరువు పిల్లల్లో మొదటి నెల మరణాలు 25 శాతం తగ్గాయని మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేసిన పరిశోధనలో 2021లో తేలింది. ఒకరిని తల్లి గుండెకు కట్టుకుంటే ఇంకొకరిని నాన్నో అమ్మమ్మో కట్టుకోవచ్చు. అందుకని తల్లికి తోడుగా ఇంట్లోవాళ్లలో ఒక్కరినే ఉండనిస్తామనే ఆసుపత్రులు కవలల విషయంలో ఆ రూలు పక్కన పెట్టాలి.

స్కానింగ్‌లో ఇద్దరని తెలిసిన రోజే, పసిపిల్లల ప్రత్యేక వార్డున్న ఆసుపత్రిలో కాన్పు ఖాయం చేయాలి. ఇంటికొచ్చాక ఆశా కార్యకర్త ఇద్దరినీ విడివిడిగా తూచాలి. మీ జిల్లా పేజీల్లో ఈ సంగతి రాయండి, ఆరోగ్యశాఖను అడగండి.

— ఒక రిటైర్డ్ నర్సు, ఖమ్మం జిల్లా