రాగం సగంలో తెగిన పద్యం

అయ్యా,

మొన్న పండగనాడు బంధువొకాయన ఫోనుకి పద్యనాటకం ముక్క పంపాడు. కృష్ణుడి వేషగాడు చివరి పాదం దాటి రాగం ఎత్తుకున్నాడో లేదో, 30 సెకన్లు అయిపోయి క్లిప్పు తెగింది. పాడిందెవరో, హార్మోనియం మీద ఎవరో రాయలేదు. అదే ముక్క సాయంత్రానికి మరో మూడు గ్రూపుల్లోంచి వచ్చింది!

పద్యనాటకానికి ప్రాణం ఆ చివరి రాగమే. మా చిన్నతనంలో తెనాలి వైపు పందిళ్లలో జనం 'వన్స్‌మోర్' అని అరిచేది దానికే. నటుడు కండువాతో చెమట తుడుచుకుని, హార్మోనియం వైపు ఓ చూపు చూసి మళ్లీ అందుకునేవాడు. పక్కవాళ్ల పేర్లు మరుగున పడటం బుర్రకథలోనూ అంతే. షేక్ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది, బుర్రకథ అనగానే ఆయన పేరు చెబుతాం. మరి పక్కన డక్కీలు వాయిస్తూ వంత పాడిన వాళ్ల పేర్లు ఎందరికి తెలుసు?

పంపేవాళ్లు పద్యం పూర్తిగా పంపండి, కింద పేరూ ఊరూ రాయండి. మీ ఆదివారం సంచికలో వారానికో కళాకారుడికి నాలుగు లైన్ల చోటివ్వండి. సినిమా పేజీలో ఒక ఫొటో తగ్గితే ఎవరూ అడగరు లెండి.

- ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా